‘సా’ దగ్గర లాగాలి

ఉత్తర కార్తె, మొదట్లో

పొద్దున్నే ఎండపలక మీద పేరుకున్న ఉప్పు తుడిచాను. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. ఉప్పు ఉంటే ఎండ దిగదు, ఎండ దిగకపోతే పెట్టె పలకదు, పెట్టె పలకకపోతే మిగతా నాలుగు పేటల్లో ఎవరు పోయారో, ఎవరికి పిల్ల పుట్టిందో మాకు తెలియదు. మా నత్తలపేటలో పెట్టె చూసుకునే పని నాది. చూసుకునేవాళ్ళు దినచర్య కూడా రాయాలన్నది ఆనవాయితీ. అందుకే ఇది.

మా పేటలన్నీ తెప్పల మీద తేలేవే. పాత ఊళ్ళు ఆ తెప్పల కిందే ఎక్కడో మునిగి ఉన్నాయి. నీళ్ళు తేటగా ఉన్న రోజున ఒక నీళ్ళట్యాంకు తల కనబడుతుంది. పిల్లలు దాన్ని చూసి ‘తాబేలు, తాబేలు’ అని అరుస్తారు. మేం నాచు పెంచుతాం, కడుగుతాం, ఆరబెడతాం, గట్టు ఊళ్ళకిచ్చి బియ్యం తెచ్చుకుంటాం.

పెట్టె గొంతును మోయలేదు, అక్షరాల్నే మోస్తుంది. అవి కూడా టిక్కు, టిక్కుమంటూ ఒక్కొక్కటే దాని ముందున్న పలక మీదకి దిగుతాయి. ముఖ్యమైన కబుర్లు పోగా మిగిలిన ఎండతో మేం పాటలు పంపుకుంటాం. స రి గ మ ప ద ని. పొట్టి అక్షరానికి ఒక టిక్కు, పొడుగు అక్షరానికి రెండు. చుక్క వస్తే ఆ టిక్కు సేపు నోరు మూసుకోవాలి. అంతే. మా అమ్మ కాలం నుంచీ ఇదే పద్ధతి.

ఈ రోజు సిలువపేట నుంచి జవాబొచ్చింది.

“సత్తెవేణమ్మకు. నాచు కడిగే పాట అందింది. రెండో వరసలో ని దాకా ఎందుకు పోయావు? కడిగేవాళ్ళు వంగి ఉంటారు. వంగినవాళ్ళకి అంత పైకి ఊపిరి అందదు. గ చాలు. ఏసుపాదం.”

ఒళ్ళు మండింది. ఈయన ఎప్పుడూ ఇంతే. పదేళ్ళకు పైగా పాటలు పంపుకుంటున్నా ఒక్కసారి బాగుందని అనలేదు. ఆయన్ని నేను చూసిందీ లేదు. మధ్యలో ఉన్న కెరటాల్లో దోనె వేసుకుని పాట కోసం ఎవరు వెళ్తారు?

మధ్యాహ్నం తొట్టి మీదకి వంగి నాచు కడుగుతూ పాడి చూశాను. ని దగ్గర దగ్గొచ్చింది. గ పెట్టి పాడాను. హాయిగా ఉంది. ఆ సంగతి ఆయనకి రాయలేదు.

హస్త కార్తె వచ్చిన రోజు

ఈడ్పు బోటు ఇంజను ఇక లేవదని కబురు.

ఏటా స్వాతి కార్తె లోపల ఆ బోటు వచ్చి పేటల్ని ఏరు సముద్రంలో కలిసే మొగ దాటించి, మడ అడవిలో ఒక్కో పేటనీ ఒక్కో పాయలో కట్టేసేది. మడచెట్ల మధ్య ఉంటే తుఫాను నెత్తి మీదుగా పోతుంది. బయట ఉంటే మనల్నే ఎత్తుకుపోతుంది. ఇంజనులో విరిగిన ముక్క చేసే మనుషులు ఇప్పుడెక్కడా లేరట.

పెద్దలు రోజంతా పెట్టెల ముందు కూర్చుని మాట్లాడుకున్నారు. సాయంత్రానికి ఒక ఏర్పాటు తేలింది. తెరచాపలు కట్టి మొగ ముందు దాకా అందరం వస్తాం. అక్కడి నుంచి ఎదురు నీరు, చాప పనికిరాదు. పెద్దపాయలో పాతిన ఇనపగుంజకి మోకుతాడు ఒక కొస కట్టి, మిగతాది ఐదు పేటల మీదుగా పరుస్తాం. ఐదు పేటల వాళ్ళమూ ఒకేసారి ఆ మోకు పట్టుకుని లాగితే, ఐదు పేటలూ ఒకేసారి ముందుకి జరుగుతాయి.

వింటానికి ఎంత సులువుగా ఉంది!

హస్త కార్తె చివర్లో

మొగ ముందు వరసగా లంగరు వేశాం. మేం మూడోవాళ్ళం. మా వెనక సిలువపేట, అందరికన్నా వెనక గవ్వలపేట. కెరటాలకి తెప్పలు ఒకదాన్నొకటి గుద్దుకోకుండా ఎడం ఇచ్చాం. వెనక పేటలో మనుషులు చీమల్లా కనిపిస్తారు, అరుపు మాత్రం వినబడదు. మధ్యలో దోనె వేస్తే మొగ కెరటం తిప్పి పడేస్తుంది.

ఇవాళ మొదటిసారి లాగి చూశాం. ఏ పేట లాగుడు పాట ఆ పేటదే కదా. ముందువాళ్ళు లాగినప్పుడు మేం ఊపిరి పీలుస్తున్నాం. మేం లాగినప్పుడు వెనకవాళ్ళు చేతులు మార్చుకుంటున్నారు. ఐదు పేటల బరువూ ఒక్కసారిగా మా మీద పడింది. మోకు కొరడాలా ఎగిరి వచ్చి మా ఆయన సూరిబాబు భుజం మీద కొట్టింది. ఎముక గూడు తప్పింది. ఇద్దరు పట్టుకుని సరిచేస్తుంటే ఆయన అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది.

మా వదిన బంగారమ్మ, మా ఆయనకి అక్క, మా పేట లాగుడు వరసకి పెద్ద. తమ్ముడి చెయ్యి గుడ్డతో మెడకి కట్టి నా వైపు తిరిగింది.

“తలో దిక్కూ పీకుతుంటే మడిసి మిగుల్తాడేటే? బోటైతే ఒకటే ఇంజను. ఇక్కడ ఐదు ఇంజన్లు, ఐదు తిక్కలు.”

“అందరికీ ఒకటే పాట ఉండాలొదినా.”

“అయితే రాయి. పొద్దత్తమానూ ఆ పెట్టె ముందు కూకుని టిక్కుటిక్కులాడతావు గదా. ఆ రాతలు కూడెడతాయో లేదో ఇప్పుడు సూద్దాం.”

సూరిబాబు పడుకునే నవ్వడానికి ప్రయత్నించాడు. “దాన్నలా అనకే అక్కా. రాత్తాది.”

 నేను ఇంతవరకూ నాచు కడగడానికీ పిల్లల్ని పడుకోబెట్టడానికీ పాటలు కట్టాను. పాట తప్పితే నాచు సరిగా కడగబడదు, పిల్ల కాసేపు ఏడుస్తుంది. అంతకన్నా ఏమీ జరగదు. ఈ పాట తప్పితే మనుషులు పోతారు.

చిత్త కార్తె, రెండో రోజు

ముందున్న రెండు పేటల వాళ్ళూ ‘మీరిద్దరూ ఏది కడితే అది పాడతాం’ అన్నారు. ఇద్దరూ అంటే నేనూ, ఏసుపాదం గారూ.

నేను పంపింది చూసి ఆయన రాశారు. “బాగా కట్టావు. కానీ ఎక్కడ లాగాలి?”

బాగా కట్టావు! ఆ మాట చూసి రెండో ముక్క చదవడం మరిచిపోయాను. తరవాత చదివి, “ప్రతి వరస మొదట్లో” అని జవాబిచ్చాను.

“మొదలు ఎక్కడో నీకూ నాకూ తెలుసు. తాడు పట్టుకున్నవాడికి కళ్ళలోకి చెమట కారుతుంటే మొదలేదో, తుది ఏదో తెలీదు. లాగే చోటు నోటికే తెలియాలి. సా స్వరం దగ్గర లాగమను. మాటలో కూడా అక్కడ ‘సా’ అనే అక్షరమే వచ్చేట్టు కట్టు. స్వరాలు పాడేవాడికి అదే సా, మాటలు పాడేవాడికి అదే సా. ఇక తప్పడానికి దారి ఉండదు.”

 నాచు ఎండేసే తడికల మధ్య తిరుగుతూ మాటలు వెతుక్కున్నాను. సాయంత్రానికి ఇది వచ్చింది.

సా గ రి గా గా సా స .
మా గ రి గా గా సా స .

సాగవే పేటా సాగూ
మడసెట్ల కాడా సాగూ
గాలొచ్చే లోగా సాగూ
బువ్వారిపోకా సాగూ

మూడు, నాలుగు వరసలకీ రెండోదాని స్వరమే. వదిన విని ముక్కు చిట్లించింది. కానీ ‘బువ్వారిపోకా’ అన్నచోట ఆవిడ పెదవి కదిలింది.

చిత్త కార్తె, ఏడో రోజు

ఒకటే పాట, ఒకటే సా. ఇవాళ మళ్ళీ లాగి చూశాం, అయినా కుదరలేదు.

మోకు తెగలేదు గానీ మా తెప్ప మూల చీలి, నాచు ఎండేసే గడలు రెండు నీళ్ళలో పోయాయి. తప్పెక్కడో మధ్యాహ్నానికి తెలిసింది. ముందుపేట వాళ్ళు కుర్రకారు, పాటని పరిగెత్తిస్తున్నారు. గవ్వలపేటలో ముసలివాళ్ళెక్కువ, ఒక్కో సా దగ్గరా ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. కాగితం మీద ఒకటే పాట. నోట్లోకి వచ్చేసరికి ఐదు.

పెట్టెలో ‘గబగబా కాదు, నిమ్మళంగా’ అని రాశాను. ఎవరి నిమ్మళం వాళ్ళది. ‘నడిచినంత వేగంగా’ అని ఏసుపాదం గారు రాశారు. ఎవరి నడక వాళ్ళది.

చీకటి పడకముందే గవ్వలపేట పెద్ద సోమాలమ్మ గారి కబురొచ్చింది.

“మీ పాట మాకు నప్పదు. మా వల్ల మీ మనుషులు దెబ్బలు తింటున్నారు. మేం తాడు విప్పేసుకుని బయటే ఉండిపోతాం. మీరు నలుగురూ లోపలికి పొండి.”

పేటంతటికీ చదివి వినిపించాను. వాళ్ళు పోతే మా బరువు తగ్గుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. మా ఆయన ఒక్కడే అన్నాడు. “వద్దని రాయి.”

“ఏమని రాయను? ఎలా లాగాలో చెప్పకుండా వద్దని ఎలా అనను?”

“ముందు వద్దని రాయి. ఎలాగన్నది తరవాత.”

రాశాను. జవాబు రాలేదు.

చిత్త కార్తె, తొమ్మిదో రోజు

ఇది రాస్తుంటే నవ్వొస్తోంది, కళ్ళలో నీళ్ళూ వస్తున్నాయి.

పొద్దున వదిన పెట్టె పక్కనే రోలు వేసుకుని ఎండునాచు దంచుతోంది. ఆవిడ ఇక్కడ కూర్చునేది కబుర్లేవైనా వస్తాయేమోనని, అడిగితే మాత్రం ఒప్పుకోదు. ఏసుపాదం గారు పాటని మళ్ళీ మొదటి నుంచి పంపిస్తున్నారు, ఏదో చిన్న మార్పుతో. టిక్కు, టిక్కు. అక్షరాలు ఒక్కొక్కటే దిగుతున్నాయి. అన్నీ దిగాక చదువుదామని నేను ఎండపలక తుడుస్తున్నాను.

రోకలి శబ్దం టిక్కుతో కలిసింది. మొదట గమనించలేదు. రెండు టిక్కులకొక దెబ్బ. ప్రతి సా మీదా కాస్త బలంగా.

“వదినా, ఆపకు!”

“ఏటయ్యిందే?” అని ఆపేసింది.

“అబ్బా, ఆపకన్నాను గదా! దంచు. పాడుతూ దంచు.”

ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, మళ్ళీ మొదలెట్టింది. అక్షరం దిగినప్పుడల్లా నేను ఆ అక్షరాన్ని పాడాను. ఆవిడ అందుకుంది. పాట తన వేగాన్ని తానే మోసుకొచ్చింది. ఐదు పేటల పెట్టెలూ ఒకే అచ్చులో పోసినవి, ఒకేలా టిక్కుమంటాయి. ఇన్నేళ్ళూ మేం అక్షరాలన్నీ దిగేదాకా ఆగి, ఆ తరవాత చదువుకుని పాడుకున్నాం. దిగుతుండగానే పాడాలని ఎవరికీ తట్టలేదు!

వెంటనే నాలుగు పేటలకీ రాశాను. “పాటని చదవొద్దు. పెట్టె చుట్టూ కూర్చోండి. అక్షరం దిగినప్పుడు ఆ అక్షరం పాడండి. రోజూ పొద్దున నాచు కడగడం అయ్యాక నేను పంపుతాను. మీ కాళ్ళకీ చేతులకీ ఆ వేగం పట్టేదాకా పంపుతూనే ఉంటాను.”

ఏసుపాదం గారి జవాబు ఒక్క ముక్క. “ఓరి దేవుడా.”

వదిన రోకలి పక్కన పెట్టి అడిగింది. “అంటే నేను కనిపెట్టినట్టా?”

“నువ్వే వదినా.”

“మరి నా పేరు కూడా రాయి అందులో.”

రాశాను.

స్వాతి కార్తె, మొదటి వారం

రోజూ పాట పంపుతున్నాను. ఎండంతా దానికే పోతోంది, వేరే కబుర్లు సగానికి సగం ఆపేశాం. పిల్లలు ఆటల్లో కూడా ఆ వేగంతోనే గెంతుతున్నారు. సూరిబాబు ఎడమచేత్తో గడ మీద తాళం వేస్తూ కుడిచెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూసుకుంటున్నాడు.

గవ్వలపేట తాడైతే విప్పలేదు. కానీ పలకడమూ లేదు. వాళ్ళ పెట్టె ఉందో లేదో, వింటున్నారో లేదో తెలియదు.

ఇవాళ పాట అయిపోయాక పెట్టె మళ్ళీ టిక్కుమంది.

“నత్తలపేటకు, సోమాలమ్మ. మా ముసలోళ్ళం కూడా కుదిరాం. నడుముకి గుడ్డ బిగించుకుని కూర్చునే లాగుతున్నాం. పాటలో ‘బువ్వారిపోకా’ బదులు ‘గంజారిపోకా’ అని పాడుకుంటున్నాం. బియ్యం అడుగంటి చాలా రోజులైంది. తప్పయితే చెప్పండి.”

వదిన ఆ రెండు వాక్యాల్నీ మళ్ళీ చదివించుకుంది. లేచి వెళ్ళి, మా బియ్యం డబ్బా మూత తీసి చూసి, మూసింది.

“తప్పేం లేదని రాయి. లోపలికొచ్చాక బువ్వ సంగతి నేను సూసుకుంటానని రాయి.”

స్వాతి కార్తె చివర్లో

మబ్బు. ఎండ లేక పెట్టె పడుకుంది. నిన్నటి నుంచి ఎవరి కబురూ లేదు. తూర్పున ఆకాశం రాగిచెంబు రంగులోకి తిరిగింది. మేం మధ్య పేట కాబట్టి ఎర్రజెండా ఎత్తే పని మాది. రేపు ఉదయం జెండా ఎత్తుతాం. దాన్ని చూసి అందరూ లాగాలి.

విశాఖ కార్తె

చేతులకి పుళ్ళు. నెమ్మదిగా రాస్తున్నాను.

ఆ ఉదయం జెండా ఎత్తగానే వాన మొదలైంది. ముందు పేటలు కనిపించడం లేదు, వెనక పేటలు కనిపించడం లేదు. మేం పాట మొదలెట్టాం. మొదటి సా దగ్గర మోకు రాయిలా ఉంది. రెండో సా, అంతే. మూడో సా దగ్గర మోకు అరచేతుల్లో వణికి, కదిలింది.

వినబడకపోయినా చేతులకి తెలిసింది. ముందువాళ్ళ లాగుడు ఒక కుదుపులా వస్తుంది, వెనకవాళ్ళది ఒక బరువులా వస్తుంది. అన్నీ ఒక్క చోటే, సా మీదే. ఐదు పేటల మనుషుల చేతులు నా చేతుల్లో ఉన్నట్టనిపించింది. నాకు ఏడుపొచ్చింది, కానీ ఏడిస్తే పాట తప్పుతుందని పాడుతూనే ఉన్నాను.

మొగ మధ్యలోకి వచ్చేసరికి కెరటాలు పెరిగాయి. వెనక నుంచి మోకు ఒక్కసారిగా బరువెక్కింది. గవ్వలపేట ఇసకమేటకి తట్టుకుందని తరవాత తెలిసింది. మా వరసలో ఎవరో అరిచారు. “గవ్వలపేటోళ్ళు మునిగిపోయినట్టున్నారు! తాడు కోసెయ్యండి, లేకపోతే మనం కూడా పోతాం!”

వదిన వెనక్కి తిరగలేదు. “కోసినోడి సేతులు నేను కోత్తాను. ఆళ్ళు లాగుతున్నారు, నా సేతులకి తెలుత్తంది. పాడండి!”

నిజమే. ఆ బరువు లోపల నుంచి, బలహీనంగా, కానీ సరిగ్గా సా మీదే, ఒక చిన్న లాగుడు వస్తూ ఉంది. కూర్చుని లాగే ముసలివాళ్ళ లాగుడు. సూరిబాబు వచ్చి నా వెనక నిలబడి, ఉన్న ఒక్క చెయ్యీ మోకు మీద వేశాడు. నేను వద్దనలేదు. ఎంతసేపు అలా కదలకుండా లాగామో తెలియదు. ఒక పెద్ద కెరటం వాళ్ళ తెప్పని పైకెత్తినట్టుంది. మోకు ఒక్కసారిగా వదులై, మేమందరం వెల్లకిలా పడ్డాం. పడ్డచోట నుంచే పాడాం.

మడచెట్లు కనిపించాయి. గాలి తగ్గింది. పాయలోకి దూరాక పేటలు దగ్గరకొచ్చాయి, అప్పుడు మొదటిసారి వెనక నుంచి సిలువపేట పాట వినబడింది.

మాటలు మావే. వేగం గోరంత కూడా తప్పలేదు. స్వరం మాత్రం మాది కాదు. సా ఒక చోట, గ ఇంకెక్కడో, మడచెట్ల మీద కొంగలు లేచిపోయేలా ఉంది.

వదిన లాగుతూనే అడిగింది. “అదేం పాటే?”

విశాఖ కార్తె, గాలి వెలిసిన రోజు

తుఫాను మూడు రోజులు నెత్తి మీద అరిచి పోయింది. మడచెట్లు ఒంగి, లేచాయి. నాచుతోటలన్నీ పోయాయి. గవ్వలపేట తెప్పలో నాలుగోవంతు ఇసకమేట దగ్గరే విడిపోయింది, దాంతో పాటు వాళ్ళ వంటపాక కూడా. మనుషులందరూ ఉన్నారు. వదిన మా పొయ్యి మీదే వాళ్ళకి కూడా అన్నం వండుతోంది. సోమాలమ్మ గారు పక్కన కూర్చుని, గంజి పారబొయ్యొద్దని చెబుతున్నారు.

తెప్పలు ఆనుకుని ఉన్నాయి కాబట్టి సిలువపేటకి నడిచే వెళ్ళాను. ఏసుపాదం గారు వల బాగుచేస్తున్నారు. బక్కపలచటి మనిషి, పెద్ద చెవులు.

“బాబాయిగోరూ, నేను సత్తెవేణిని.”

ఆయన వల కింద పెట్టి లేచి నిలబడ్డారు. చేతులు తుడుచుకున్నారు.

“మా పాట ఇన్నావా?”

“ఇన్నానండి.”

“ఎలా ఉంది?”

నేను కిందున్న వల వైపు చూశాను. ఆయనే నవ్వారు.

“నాకు తెలుసమ్మాయ్. సెవికి తెలుసు, గొంతుకి తెలీదు. నేను పాడితే అలాగే వత్తాది. మా పేటోళ్ళు నా నోటమ్మటే నేర్సుకున్నారు, ఆళ్ళూ అలాగే పాడతారు. అందుకే రాత్తాను.”

“మరి మీరు కట్టిన పాటలు...”

“నా తలకాయలో ఉన్నట్టు బయట ఎప్పుడూ ఇనలేదు. ఒక్కటి కూడా.”

లోపలికి వెళ్ళి ఒక పాత రేకు తెచ్చారు. దాని మీద మేకుతో గీసిన స్వరాలు. పెట్టె లేని రోజుల్లో, పెళ్ళయిన కొత్తలో భార్య కోసం కట్టిన పాటట. ఆవిడ పోయి చాలా ఏళ్ళైంది. ఎవరికీ పంపలేదు. మాటలు లేవు, స్వరాలే.

నేను రేకు పట్టుకుని నిదానంగా మొదలెట్టాను. మొదటి వరస తేలిగ్గానే ఉంది. రెండో వరసలో ద నుంచి గ కి దిగే చోట ఒక మెలిక ఉంది, అలాంటిది నేనెప్పుడూ పాడలేదు. తప్పిపోతానేమోనని భయపడ్డాను. తప్పలేదు. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. వేళ్ళు గాలిలో కదులుతున్నాయి.

పాట అయిపోయింది. 

“ఇదే,” అన్నారు కళ్ళు తెరిచి. “ఇదేనమ్మా.”

చుట్టుపక్కల వల కుట్టేవాళ్ళు చేతులు ఆపి చూస్తున్నారు. సిలువపేట వాళ్ళకి తమ పెద్దాయన పాట అసలు స్వరం ఇప్పుడే తెలిసింది.

“ఇంకోసారి పాడతావా?”

పాడాను. రెండో వరస దగ్గరకొచ్చేసరికి వెనక నుంచి ఎవరో అమ్మాయి సన్నగా అందుకుంది, ఆ మెలికతో సహా. ఆ తరవాత ఇంకొకరు. ఏసుపాదం గారు మాత్రం గొంతు కలపలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చున్నారు.